ఫ్రస్ట్రేషన్‌కీ ఓ లెక్కుంది!

వెంకటేష్ ‘ఎఫ్2’ పుణ్యమా అని ఫ్రస్ట్రేషన్ అనేది తెలుగు మాటే అయిపోయింది. ఫిజిక్స్ వాళ్లు మాత్రం ఆ మాటని ఎప్పటినుంచో అయస్కాంతాలకి వాడుతున్నారు. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగినైన నా ఆదివారాలన్నీ దాని వెంటే పోతున్నాయి.

విషయం సింపుల్. కొన్ని పదార్థాల్లో ఒక్కో పరమాణువూ ఓ బుల్లి అయస్కాంతం. దాన్ని స్పిన్ అంటారు. పక్కవాడు పైకి చూస్తే తను కిందకి చూడాలి, అదీ రూలు. ఇద్దరుంటే గొడవే లేదు. త్రిభుజంలో ముగ్గురుంటే? మూడోవాడు ఎటు చూసినా ఒకరితో పేచీయే. అదే ఫ్రస్ట్రేషన్.

ఇలాంటివి బోలెడుంటే ఎలా సర్దుకుంటాయో లెక్కగట్టడం మహా కష్టం. 30 స్పిన్‌లకే దాదాపు 107 కోట్ల అంకెలు దాచుకోవాలి. అంటే సుమారు 8 జీబీ మెమరీ. ఇంకో స్పిన్ కలిపితే 16, మరొకటి కలిపితే 32! నా ల్యాప్‌టాప్ అక్కడే చేతులెత్తేసింది.

కానీ 1981లో బి.శ్రీరామ్ శాస్త్రి, బిల్ సదర్లాండ్ ఓ ప్రత్యేకమైన అల్లికని ఊహించారు. అందులో స్పిన్‌లు జంటలు జంటలుగా ఉంటాయి. జంట మధ్య బంధం తగినంత బలంగా ఉంటే ఇరుగుపొరుగుల లాగుడు రద్దయిపోతుంది. ఎన్ని కోట్ల స్పిన్‌లున్నా కాగితం మీదే కచ్చితమైన జవాబు! అయితే అలాంటి పదార్థం అప్పటికి ఎవరి చేతిలోనూ లేదు. 1999లో టోక్యో యూనివర్సిటీలో హిరోషి కగేయామా బృందం పరీక్షించిన స్ట్రాన్షియం కాపర్ బోరేట్ సరిగ్గా ఆ అల్లికకే సరిపోయింది. మధ్యలో 18 ఏళ్లు.

ఆ స్ఫటికాన్ని బలమైన అయస్కాంత క్షేత్రంలో పెడితేనే అసలు మజా. ఆసుపత్రి ఎంఆర్ఐ మామూలుగా 1.5 లేదా 3 టెస్లా. ఇక్కడ 20 టెస్లా చేరువయ్యేదాకా దాదాపు చలనమే ఉండదు. తర్వాత అయస్కాంతత్వం పెరుగుతుంది కానీ, నున్నగా కాదు. గరిష్ఠంలో ఎనిమిదో వంతు దగ్గర ఆగుతుంది, మళ్లీ నాలుగో వంతు దగ్గర ఆగుతుంది. అచ్చం మేడమెట్లలాగే. క్షేత్రం విడదీసిన జంటలు అంత తేలిగ్గా కదల్లేవు. ముగ్గులో చుక్కల్లా ఎడం పాటించి వరస కడతాయి. ఆ వరసలోకి ఇంకొకటి దూరాలంటే క్షేత్రం ఇంకా పెరగాల్సిందే.

“దీనివల్ల హైక్ వస్తుందారా?” అని అడిగింది అమ్మ. రాదు. ఆఫీసులో ఏ పనైనా రెండు వారాల్లో తేలాలి. పోయినేడు నేను రాసిన కోడ్‌లో సగం, ప్రాజెక్ట్ మారగానే చెత్తబుట్టకెళ్లింది. ఆ కాగితం లెక్క మాత్రం 18 ఏళ్లు ఎదురుచూసి మరీ నెగ్గింది. అలా నిలిచే పని ఒక్కటైనా చెయ్యాలనే నా ఆశ.

ప్రస్తుతం 16 స్పిన్‌లతో గీసిన గ్రాఫ్‌లో మెట్లు కనిపిస్తున్నాయి. సంబరపడటానికి లేదు, ఇంత చిన్న లెక్కలో మెట్లు ఎలాగూ వస్తాయి. వాటిలో ఏవి నిజంగా స్ఫటికానివో, ఏవి నా లెక్క చిన్నదవడం వల్ల వచ్చినవో తేల్చాలి. వచ్చే ఆదివారం పని అదే.