ఆటలో తగిలిన దెబ్బ

"ఆటన్నాక దెబ్బలు తగలవా?" అన్న మాట తెలుగునాట ప్రతి మైదానంలోనూ వినిపిస్తుంది. కూతకు వెళ్ళిన కుర్రవాడు మోకాలు పట్టుకొని కూలబడినా, క్రికెట్ బంతి తగిలి కనుబొమ చిట్లినా పెద్దలు ఈ మాటతోనే ఓదారుస్తారు. ఇందులో సత్యం ఉంది. గాయపడే అవకాశం బొత్తిగా లేని ఆట అరుదు. అయితే ఆ మాట అన్నివేళలా చెల్లదు. ఎంతవరకు చెల్లుతుందో నిర్ణయించవలసి వచ్చినప్పుడు చట్టం జోక్యం చేసుకుంటుంది.

ఈ విచక్షణ మన సాహిత్యానికి కొత్తది కాదు. నాభికి దిగువన కొట్టరాదన్నది గదాయుద్ధ నియమం. భీముడు ఆ నియమం దాటి దుర్యోధనుని తొడలు విరుగగొట్టినప్పుడు, ఇద్దరికీ గదావిద్య నేర్పిన బలరాముడు ఆగ్రహంతో నాగలి ఎత్తాడని మహాభారతం చెబుతుంది. అది ఆట కాదు, యుద్ధం. అయినా గురువుకు కోపం తెప్పించినది దెబ్బ కాదు. నియమం తప్పిన దెబ్బ.

భారతదేశంలో 1860 నాటి శిక్షాస్మృతి 87వ సెక్షన్‌లో ఇదే భావం కనిపిస్తుంది. దాని స్థానంలో 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 25వ సెక్షన్ కూడా ఆ భావాన్నే నిలుపుకొన్నది. వినోదం కోసం ఇద్దరు కత్తిసాము చేయడానికి అంగీకరిస్తే, మోసం లేని ఆటలో కలిగే హానికి కూడా వారు సమ్మతించినట్లే అని అందులోని ఉదాహరణ వివరిస్తుంది. అయితే మరణం గాని, తీవ్రమైన గాయం గాని కలిగించాలన్న ఉద్దేశంతో చేసిన పనికి ఈ రక్షణ లేదు. సమ్మతించిన వ్యక్తికి 18 ఏళ్ళు దాటి ఉండాలి. జూనియర్ కళాశాల మైదానంలో ఆడేవారిలో చాలామందికి ఆ వయస్సు నిండదు. అంతమాత్రాన ఎదుటి ఆటగాడు నేరస్థుడు కాడు. తగిన జాగ్రత్తతో చట్టబద్ధమైన పని చేస్తుండగా ప్రమాదవశాత్తు జరిగినది నేరం కాదని మరొక సెక్షన్ చెబుతుంది. కానీ పిల్లల సమ్మతిని చూపి పెద్దలు తమ బాధ్యత దులుపుకోవడం అంత సులభం కాదు.

2014 నవంబరులో సిడ్నీ మైదానంలో ఆస్ట్రేలియా బ్యాట్స్‌మన్ ఫిలిప్ హ్యూస్‌కు మెడ మీద బంతి తగిలింది. రెండు రోజులకు అతడు మరణించాడు. వయస్సు 25 ఏళ్ళు. 2016లో విచారణ ముగించిన అధికారి ఆ మరణానికి ఎవరినీ తప్పుపట్టలేదు. ఆట నియమాలకు లోబడి విసిరిన బంతి అది. బౌలర్ దోషి కాకపోయినా ఆ దుఃఖం మాత్రం అతనికి తప్పలేదు.

ఇంగ్లండులో జరిగిన రెండు వివాదాలు ఇందుకు భిన్నమైనవి. 1991లో 17 ఏళ్ళ కుర్రవాడు ఒకడు రగ్బీ ఆడుతూ మెడ విరిగి శాశ్వతంగా కదలలేని స్థితికి చేరాడు. రెండు జట్లవారు భుజాలు కలిపి నెట్టుకునే ఘట్టంలో ఆటగాళ్ళు పదేపదే కూలిపోతున్నా రిఫరీ భద్రతా నియమాలను అమలు చేయలేదు. 1996లో అప్పీలు న్యాయస్థానం ఆ రిఫరీనే బాధ్యునిగా నిర్ధారించింది. అదే 1991లో లండన్‌లో మైఖేల్ వాట్సన్ అనే బాక్సర్ పోటీలో స్పృహ తప్పాడు. తక్షణ వైద్యం చేయగల ఏర్పాటు రింగు పక్కన లేదు. ఆలస్యం వల్ల మెదడు మరింత దెబ్బతిన్నది. ప్రత్యర్థి కొట్టిన దెబ్బకు వాట్సన్ సమ్మతించాడు గాని, వైద్యం అందకపోవడానికి సమ్మతించలేదు. పోటీలను నియంత్రించే బోర్డుదే బాధ్యత అని 2000లో అప్పీలు న్యాయస్థానం తేల్చింది.

ఈ మూడు సంఘటనలనూ పక్కపక్కన నిలిపి చూస్తే న్యాయస్థానం దృష్టి ఎక్కడ ఉంటుందో తెలుస్తుంది. గాయం ఎంత పెద్దది అన్నదానితోనే అది ఆగదు. ఆ గాయాన్ని ముందుగా ఊహించగలిగినవారు ఎవరు, నివారించవలసిన స్థానంలో ఉండి ఊరకున్నవారు ఎవరు అని ఆరా తీస్తుంది. ఆటగాడు ఆటలోని ప్రమాదాన్ని స్వీకరిస్తాడు; ఇతరుల నిర్లక్ష్యాన్ని కాదు.

కనుక కళాశాల మైదానంలో గాజుపెంకులు ఏరించడం, వదులైన గోలుస్తంభాన్ని బిగించడం, ప్రథమ చికిత్స పెట్టెను తాళం వేసిన గదిలో గాక ఆట దగ్గరే ఉంచడం చిన్న పనులు కావు. విద్యార్థికి కూడా కర్తవ్యం ఉంది. తలకు దెబ్బ తగిలినప్పుడు జట్టు ఓడిపోతుందని దాచిపెట్టడం శౌర్యం కాదు. పడిపోయిన ప్రత్యర్థికి చేయి అందించడం ఏ సెక్షనూ నిర్బంధించదు. అయినా మంచి ఆటగాడు ఆ పని ముందు చేస్తాడు. గెలుపోటముల లెక్క తరువాత చూసుకుంటాడు.