పెన్సిలిన్ నడిచిన దారిలో

లండన్‌లో పాడింగ్టన్ స్టేషన్ పక్కనే సెయింట్ మేరీస్ ఆసుపత్రి. ప్రేడ్ స్ట్రీట్ వైపున్న పాత ఇటుక భవనంలో మెట్లెక్కి వెళ్తే అలెగ్జాండర్ ఫ్లెమింగ్ పనిచేసిన గది వస్తుంది. 2018 వేసవిలో నేను చూసినప్పుడు దాన్ని 1928లో ఎలా ఉండేదో అలాగే అమర్చి మ్యూజియంగా ఉంచారు. కిటికీ దగ్గర బల్ల, మైక్రోస్కోపు, పరీక్షనాళికలు, గాజు ప్లేట్లు. గుంటూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో రోజూ కల్చర్ ప్లేట్లు చూసేదాన్ని కాబట్టి, ఆ బల్ల మీద నాకు కొత్తగా అనిపించిన వస్తువు దాదాపు లేదు. అయినా చాలాసేపు కదలబుద్ధి కాలేదు.

సెలవుల నుంచి తిరిగొచ్చిన ఫ్లెమింగ్ ఒక ప్లేటులో బూజు పట్టిందనీ, దాని చుట్టూ స్టెఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా కరిగిపోయిందనీ గమనించిన కథ బడిలోనే చదువుకుంటాం. నాకు అంతకన్నా ఇష్టం ఆయన తర్వాత చేసిన పని. అగర్ ప్లేటులో సన్నని కాలువ కోసి, అందులో బూజు రసం కలిపిన అగర్ నింపారు. ఆ కాలువ నుంచి బయటికి రకరకాల బ్యాక్టీరియాను గీతలుగా పూశారు. కొన్ని గీతలు కాలువకు ఇంకా ఎంతో దూరం ఉండగానే ఆగిపోయాయి. టైఫాయిడ్ క్రిమి లాంటివి అంచుదాకా పెరిగాయి. ఆ మందు దేని మీద పనిచేస్తుందో, దేని మీద చెయ్యదో ఒక్క ప్లేటు చెప్పేసింది. 1929లో ఆయన ప్రచురించిన వ్యాసంలో ఈ సంగతంతా ఉంది. మేమిప్పుడు రోజూ వేసే సెన్సిటివిటీ పరీక్షకు ముత్తవ్వ లాంటిది ఆ ప్లేటు.

అక్కడి నుంచి ఆక్స్‌ఫర్డ్ రైలెక్కాం. గంట ప్రయాణం. రెడింగ్‌లో ఉంటున్న మా అక్క కొడుకు నాతోనే ఉన్నాడు.

"పిన్నీ, అజిత్రోమైసిన్ స్ట్రిప్పులు తెచ్చావా? ఇక్కడ జలుబు చేస్తే డాక్టరు నీళ్లు తాగి పడుకోమంటాడు. అమ్మ నీకు చెప్పానంది."

"చెప్పింది నాన్నా. పచ్చళ్లు తెచ్చాను, కందిపొడి తెచ్చాను. అవి మాత్రం తేలేదు."

వాడి ముఖం చిన్నబోయింది. జలుబు వైరస్‌తో వచ్చేది, ఆ మాత్ర దాన్నేమీ చెయ్యదని చెప్పాను. ఒంట్లో ఉన్న మంచి బ్యాక్టీరియా మీదే పడుతుంది, తట్టుకోగలిగినవి మిగిలి పెరుగుతాయి. మన దగ్గరా చీటీ లేకుండా అమ్మకూడదనే మాత్రల అట్ట మీద ఎర్ర గీత వేస్తారు. విదేశాల్లో ఉన్న మన పిల్లల సూట్‌కేసుల్లో ఆ ఎర్ర గీత అట్టలు ఎన్ని ఉంటాయో నాకు తెలుసు. అక్కడి డాక్టరు రాయకపోవడం పిసినారితనం కాదు, జాగ్రత్త.

ఆ బూజు రసం నుంచి ఫ్లెమింగ్ విడగొట్టలేకపోయిన పెన్సిలిన్‌ను ఆక్స్‌ఫర్డ్‌లో హోవర్డ్ ఫ్లోరీ, ఎర్నెస్ట్ చైన్ 1939లో చేపట్టారు. వాళ్ల బృందంలో నేను ఎక్కువగా అభిమానించేది నార్మన్ హీట్లీని. యుద్ధకాలంలో సామగ్రి దొరక్క, బూజు పెంచడానికి మలపాత్రల ఆకారంలో పింగాణీ పాత్రలు ప్రత్యేకంగా చేయించారాయన. బ్రాడ్ స్ట్రీట్‌లోని సైన్స్ చరిత్ర మ్యూజియం సేకరణలో అలాంటి పాత్ర ఉంది. ఆయన చేసిన మరో పని కొలత. స్టెఫైలోకాకస్ పూసిన అగర్ మీద చిన్న గొట్టాలు నిలబెట్టి, వాటిలో ద్రవం పోసి, చుట్టూ క్రిమి పెరగని వలయం వెడల్పు కొలిచేవారు. వలయం ఎంత పెద్దదైతే మందు బలం అంత ఎక్కువ.

"మీ ల్యాబులో చేసేది కూడా ఇదేనా?" అన్నాడు వాడు.

"దాదాపు ఇదే. గొట్టం బదులు కాగితం బిళ్ల. వాళ్లు బలం తెలియని మందును కొలిచారు, మేం బలం తెలిసిన మందుతో తెలియని క్రిమిని కొలుస్తాం."

1940 మే 25న ఎనిమిది ఎలుకలకు ప్రాణం తీసేంత స్ట్రెప్టోకాకస్ ఎక్కించి, నాలుగింటికి పెన్సిలిన్ ఇచ్చారు. హీట్లీ తెల్లవారుజాము దాకా కాపలా ఉన్నారు. మందు అందని నాలుగూ చచ్చిపోయాయి. అదే ఏడాది డిసెంబరులో చైన్, ఎడ్వర్డ్ అబ్రహాం మరో సంగతి ప్రకటించారు: పెన్సిలిన్‌ను విరిచేసే ఎంజైము బ్యాక్టీరియాలోనే ఉందని. ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసుకు వైద్యం మొదలైంది 1941 ఫిబ్రవరిలో. అంటే మొదటి రోగి మంచమెక్కకముందే నిరోధకత కాగితం మీదికి ఎక్కింది. అతను కోలుకుంటుండగా మందు అయిపోయింది. మూత్రంలోంచి తిరిగి తీసి ఎక్కించినా చాలలేదు, మార్చిలో చనిపోయాడు. అతనికి మందు చాలలేదు. ఇప్పుడు మా ఐసీయూల్లో అల్మారా నిండా మందులుంటాయి, క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా ప్లేటు మీద ఒక్క బిళ్ల చుట్టూ కూడా వలయం కనిపించని రోజులుంటాయి. అలాంటి రిపోర్టు మీద సంతకం చేసేటప్పుడు చెయ్యి బరువెక్కుతుంది.

ఆక్స్‌ఫర్డ్ హై స్ట్రీట్‌లో బొటానిక్ గార్డెన్ ముందు ఆ బృందం గౌరవార్థం గులాబీ తోట ఉంది. రాతి మీద పేర్లలో హీట్లీ పేరు చూశాను. 1945 నోబెల్ ఫ్లెమింగ్, ఫ్లోరీ, చైన్‌లకు వచ్చింది. హీట్లీకి రాలేదు. 1990లో ఆక్స్‌ఫర్డ్ ఆయనకు గౌరవ వైద్య డాక్టరేటు ఇచ్చింది. ఆలస్యమైనా మంచి పని చేశారు.

ఇక మీతో ఒక మాట. డాక్టరు కల్చర్ పరీక్ష రాస్తే మొదటి మాత్ర వేసుకోకముందే నమూనా ఇవ్వండి. మందు పడ్డాక ఇస్తే ప్లేటు మీద క్రిమి పెరగకపోవచ్చు, మాకు చెప్పడానికేమీ మిగలదు. క్రిమి విడిగా పెరగాలి, బిళ్లలు పెట్టాక మళ్లీ పదహారు గంటలకు పైగా ఇంక్యుబేటర్‌లో ఉండాలి. కొలిస్టిన్ లాంటి మందుకు బిళ్ల పనికిరాదు, ద్రవంలో పలుచన చేస్తూ వేరే పరీక్ష పెట్టాలి. అందుకే రెండు మూడు రోజులు పడుతుంది. రిపోర్టు ఆలస్యమైందని ల్యాబు కిటికీ దగ్గర కోప్పడకండి. అది వచ్చాక మాత్రం తప్పకుండా తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.