సీకాయపొడి, గుంటగలగరాకు నూనె

స్త్రీల కూడికలో ప్రార్థన ముగిసి నలుగురు ఒకచోట చేరితే చాలు, జుట్టు రాలిపోతున్నదనీ, ఏ నూనె మంచిదనీ, ఏ పొడి వాడాలనీ మాటలు మొదలవుతాయి. అందులో తప్పేమీ లేదు. ఉపవాసమున్న రోజున కూడా తలకు నూనె రాసుకొమ్మని ప్రభువు చెప్పిన సంగతి మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో మనమంతా చదువుకొన్నదే. మా ఇంట్లో మూడు తరాలుగా చేసుకొంటున్న పొడి, నూనెల గురించి, వాటివల్ల అయ్యే మేలేమిటో, కానిదేమిటో నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మాది ముదిగుబ్బ మండలం. 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిందిగాని మా నోటికి ఇంకా అనంతపురం జిల్లా అనే వస్తుంది. ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే మాకు మంచి ఏడని లెక్క. అందుచేత తాగినా, తానమాడినా బోరునీళ్లే. ఆ నీళ్లలో సబ్బు నురగ రాదు, పాలు విరిగినట్లు విరిగిపోయి జుట్టుకు తెల్లగా జిగురులా పట్టుకొంటుంది. నీటిలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి అలా చేస్తాయి. కుంకుడుకాయలో నురగనిచ్చే సపోనిన్ అనే పదార్థం ఈ లవణాలకు విరగదు. సీకాయకు కొద్దిగా పులుపు గుణం ఉన్నందున పట్టిన జిగురు వదులుతుంది. ఈ లెక్కలేవీ తెలియకుండానే మా అవ్వలు ఈ నీళ్లకు తగినదాన్నే ఎంచుకొన్నారు. షాంపూ కూడా ఈ నీళ్లలో విరగదు, అది వాడేవారిని మేము తప్పుపట్టము. ఖర్చు సంగతి, తల పొడిబారే సంగతి ఎవరికి వారు చూసుకోవలసినదే.

శనివారం తలంటు, ఆదివారం ఆరాధన. ఇది మా ఊళ్లో చాలా ఇళ్లలో అలవాటు. పొడికి మేము కిలో సీకాయ, అరకిలో గింజ తీసిన కుంకుడు పెచ్చులు, పావుకిలో మెంతులు, గుప్పెడు ఎండిన ఉసిరి ముక్కలు, నీడన ఎండబెట్టిన మందారాకు, కరివేపాకు కలిపి ఆడిస్తాము. మెంతులు జిగురునిచ్చి చిక్కు పడకుండా చూస్తాయి. పొడిని గంజిలో గాని గోరువెచ్చని నీళ్లలో గాని అరగంట నానబెట్టాలి. కుంకుడురసం కళ్లలో పడితే మంట మామూలుగా ఉండదు. చిన్నపిల్లలకు నుదుటిమీద తడిగుడ్డ కట్టి పోయండి, ఏడుపు సగం తగ్గుతుంది.

ఇక నూనె. గుంటగలగరాకునే సంస్కృతంలో భృంగరాజమంటారు. చిన్న తెల్లని పూలు, గరుకైన ఆకులు. ఆకు అరచేతిలో నలిపితే కొంచెంసేపటికి రసం నల్లగా మారుతుంది, అదే గుర్తు. తేమ ఉన్నచోటనే మొలిచే మొక్క కనుక మా మెట్టపొలాల్లో వెదికినా దొరకదు. బోరు దగ్గర నీళ్లు కారే చోట, పశువుల తొట్టి పక్కన, వాన పడిన ఏడాదిలో చెరువు అంచున దొరుకుతుంది. కరువు ఏడాదిలో తలనూనెకు కూడా కరువే. ఆయుర్వేద పద్ధతి ప్రకారం ఒక వంతు ఆకుముద్దకు నాలుగు వంతుల నూనె, పదహారు వంతుల ద్రవం పోసి కాచాలి. అంత రసం మాకెక్కడ వస్తుంది? దొరికినంత రసం తీసి, మిగిలినదానికి నీళ్లు పోసి, కొబ్బరినూనెలో సన్నని మంటమీద కాస్తాము. ముద్దను వేళ్లతో నలిపితే వత్తిలా రావాలి. దానిని నిప్పులో వేస్తే చిటపట శబ్దం రాకూడదు. శబ్దం వచ్చిందంటే నీళ్లు మిగిలాయన్నమాట, ఆ నూనె నెలలోపే ముక్క వాసన వేస్తుంది. తొందరపడి పెద్దమంట పెట్టినవారి నూనె మాడుతుంది.

నాటువైద్యుడు నూనె కాచేటప్పుడు ఏదో మంత్రం చదువుతాడని కొందరు విశ్వాసులు ఆకులను కూడా దూరం పెడతారు. ఆకు దేవుని సృష్టి. మన పొయ్యిమీద మనం కాచుకొన్న నూనెలో మంత్రమెక్కడిది?

కొబ్బరినూనె సంగతి 2003లో ఒక పరిశోధనలో పరీక్షించి చూశారు. పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ నూనె వెంట్రుకలోకి దిగలేదనీ, కొబ్బరినూనె లోపలికి ఇంకి తల కడిగేటప్పుడు, దువ్వేటప్పుడు మాంసకృత్తులు పోకుండా కాపాడిందనీ తేల్చారు. ఆ పరిశోధన చేసినవారు కొబ్బరినూనె అమ్మే కంపెనీవారేనని కూడా చెప్పడం న్యాయం. ఆముదం విషయానికి వస్తే, మా వేరుశనగ చేలల్లో సాళ్లమధ్య ఆముదపు చెట్లు ఉండేవే. గింజలు వేయించి, దంచి, నీళ్లలో ఉడికించి పైకి తేలినది తీస్తే వంటాముదం. దంచిన పిప్పిని ఎరువుకు వేయండి గాని పశువుల నోటికి అందనివ్వకండి, అది విషం. ఆముదం తలకు చల్లదనమంటారు, జుట్టు నిగనిగలాడుతుంది. కాని చిక్కగా ఉంటుంది కనుక కొబ్బరినూనెలో కొద్దిగా కలిపితే చాలు.

ఇంతవరకు చెప్పినది జుట్టును శుభ్రంగా, మెత్తగా, తెగకుండా ఉంచే సంగతి. జుట్టు మొలిపించే సంగతి వేరు. చర్మం పైకి వచ్చిన వెంట్రుకకు ప్రాణం లేదు. ప్రాణమంతా కింద కుదురులో ఉంటుంది, ఆ కుదురు తినేది మన రక్తంలోనుంచి. రోజుకు యాభై నుండి వంద వెంట్రుకలు రాలడం ఆరోగ్యవంతులకూ ఉన్నదే. పెద్ద జ్వరం వచ్చిన రెండు మూడు నెలలకు, కాన్పు అయిన మూడు నెలలకు దువ్వెన నిండా వస్తుంది. 2006లో మన రాయలసీమను చికున్‌గున్యా పట్టి పీడించినప్పుడు కీళ్లనొప్పులు పడినవారిలో కొందరు, అవి తగ్గుతుండగా జుట్టు పోతున్నదని మళ్లీ ఏడ్చారు. ఇలా పోయినది సాధారణంగా కొన్ని నెలల్లో తనంతట తానే తిరిగి వస్తుంది. ఆ నెలల్లో ఎవరు ఏ నూనె రాస్తే ఆ నూనెకు పేరు వస్తుంది! సీసా వెయ్యి రూపాయలైతే ఆ పేరు ఇంకా పెద్దది.

తిరిగి రానిది కూడా ఉంటుంది. మా పెద్దమ్మాయి అనంతపురంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతూ క్రిస్మసుకు ఇంటికి వచ్చింది. జడ సగమయింది. అప్పుడే ధర్మవరం వైపునుంచి ఒక సంబంధం వచ్చి ఉంది. మేనత్త చూసి, "సవరం పెట్టి కూర్చోబెడదాం లే వదినా, ఎవరికి తెలుస్తాది?" అన్నది. అవ్వ మాత్రం, "ఏంటికి సవరము? నూనె కాయండి, నేను పెడతాను" అని పట్టుబట్టింది. నూనె కాచాము. అవ్వ రోజూ పెట్టింది. అయితే మేము గమనించినది వేరొకటి. పిల్ల మిద్దె మెట్లు ఎక్కితే ఆయాసపడుతోంది, డబ్బాలో చెయ్యిపెట్టి పచ్చిబియ్యం నములుతోంది. కంటిరెప్ప కిందికి లాగి చూస్తే ఎర్రదనమే లేదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి రక్తపరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 8.1. ఆడపిల్లకు కనీసం 12 ఉండాలి.

ఆ రక్తంతోనే పెళ్లయి, నీళ్లు పోసుకొని, కాన్పుకు పోయి ఉంటే ఏమయ్యేదో తలచుకొంటే ఇప్పటికీ మాకు గుండె దడ. కాన్పులో కాస్త రక్తం పోయినా తట్టుకొనే శక్తి ఉండదని నర్సమ్మ చెప్పింది. పెళ్లివారికి కొన్నాళ్లు ఆగమని కబురు చేశాము. వారు ఆగలేదు. నులిపురుగుల మాత్ర ఒకటి వేశారు, ఇనుము మాత్రలు నెలల తరబడి వాడమన్నారు. మాత్రను నిమ్మకాయ నీళ్లతో వేసుకోవాలి, టీతో గాని పాలతో గాని వేసుకొంటే ఒంటికి పట్టదు. విరేచనం నల్లగా అవుతుంది, దానికి భయపడి మానుకోవద్దు. నాలుగో నెలకు రాలడం తగ్గింది. నుదుటి దగ్గర సజ్జ మొలకల్లా చిన్న వెంట్రుకలు లేచాయి. నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరిగే జుట్టు జడ కావడానికి రెండేళ్లు పట్టింది. "నా నూనె పనిచేసింది చూడు" అని అవ్వ అంటుంది. మేము కాదనము. ఆమె చేతిమీదుగా రోజూ ఆ పిల్ల తలకు అందినది నూనె ఒక్కటే కాదు.

బజారు పొడుల విషయంలో మాత్రం జాగ్రత్త. నిజమైన గోరింటాకు ఎర్రగానే పండుతుంది. గంటలో నల్లగా చేస్తామనే పొట్లాల్లో చాలావాటిలో పి.పి.డి. అనే రసాయనం కలుపుతారు. మా బంధువులలో ఒకామెకు తిరునాళ్లలో కొన్న అలాంటి పొడితో కళ్లు మూసుకుపోయేంత ముఖం వాచింది. పేనుకొరుకుడు వచ్చినచోట గురివింద గింజ అరగదీసి రాసేవారు కూడా ఉన్నారు. ఆ గింజ విషం. పేరు అలా ఉన్నా అది పేలవల్ల వచ్చేది కాదు, చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. తగ్గకపోతే చర్మవైద్యునికి చూపించండి.

సీకాయపొడి చేయించదలచినవారు ఎండాకాలంలోనే అన్నీ గలగలలాడేట్లు ఎండబెట్టి మిషనుకు తీసుకుపోండి. తడి ఉంటే పొడి గడ్డకట్టి పురుగు పడుతుంది. ముందు అక్కడ ఏమి ఆడించారో మిషనతనిని తప్పక అడగండి. కారంపొడి ఆడించిన వెంటనే మన సీకాయ పోయించుకొంటే, శనివారం సాయంత్రం ఇంటిల్లిపాది కళ్లు కడుక్కొంటూ కూర్చోవాలి.