చెయ్యి కదిలిన ఫొటో

మన కాలేజీలో ఎవరికైనా ఫొటో చూపిస్తే ముందు జూమ్ చేస్తారు. కనురెప్పలు లెక్కపెట్టగలిగితే "సూపర్". లేకపోతే "షేక్ అయింది". ఆ షేక్ అయిన ఫొటోల తరఫున నాలుగు మాటలు రాస్తున్నాను.

లెక్క చిన్నదే, ఇంటర్‌లోనే చదివాం. గంటకి 36 కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి 10 మీటర్లు. షట్టర్ 1/1000 సెకను తెరుచుకుంటే ఆ లోపు బైక్ జరిగేది ఒక్క సెంటీమీటరు. ఫొటోలో స్టాండ్ వేసిన బండిలా ఉంటుంది. అదే 1/20 పెడితే అర మీటరు జరుగుతుంది. ఆ అర మీటరుని ఏం చేసుకోవాలన్నదే అసలు విద్య.

దారులు రెండు. ఒకటి పానింగ్, అంటే బండితో పాటు కెమెరానీ తిప్పడం. పాదాలు కదపకుండా, మోచేతులు డొక్కలకి ఆనించి, నడుము మీద తిరగాలి. బండి ఎదురుగా రాకముందే మొదలుపెట్టాలి, క్లిక్ అయ్యాక కూడా ఆపకూడదు. బ్యాటింగ్‌లో ఫాలో త్రూ లాగన్నమాట. బండి నిలుస్తుంది, వెనక గోడలూ చెట్లూ గీతలైపోతాయి. నేను సాయంత్రాలు గేటు బయట బస్సుల మీద నేర్చుకున్నాను. మిట్టమధ్యాహ్నం కుదరదు. ఐఎస్ఓ 100 పెట్టి, లెన్స్ ఎఫ్/22కి మూసినా ఆ ఎండలో 1/20కి ఫొటో తెల్లగా పాలిపోతుంది. నలభై తీస్తే ఒకటి మిగిలేది.

రెండో దారిలో కెమెరా కదలదు, మనిషే కదులుతాడు. 1932లో ఫ్రాన్సులోని ఇయేర్ అనే ఊళ్లో హెన్రీ కార్టియర్-బ్రెస్సన్ తీసిన ఫొటో వెతికి చూడండి. మెట్లు, ఇనుప రెయిలింగు స్పష్టంగా ఉంటాయి. కింద వీధిలో సైకిల్ మీద మనిషి మాత్రం చెరిగిపోయి ఉంటాడు. ఫొటోకి ప్రాణం ఆ చెరిగిన మనిషే.

నాకు ఈ రెండో దారి ఇంటి కోసం కావలసి వచ్చింది. మాది చీరాల పక్క. నాన్న నేత పని చేసేవాడు. సంక్రాంతి తర్వాత మగ్గం తీసేసి బట్టల షాపులో పనికి వెళ్తానన్నాడు. కూలి, అప్పు, మోకాళ్లు... కారణాలన్నీ నాకు తెలిసినవే. వాదించడానికి మాటల్లేవు. సెలవుల్లో ఫ్రెండ్ కెమెరా అడిగి పట్టుకెళ్లాను.

మగ్గం ఫొటోలు ఇంట్లో ఇదివరకే ఉన్నాయి. ఎవరెవరో వచ్చి ఫ్లాష్ వేసి తీసినవి. అన్నింట్లోనూ నాన్న చెయ్యి గాల్లో ఆగిపోయి ఉంటుంది, పని మానేసి కూర్చున్నట్టు. ఇంకో నెలలో నిజంగానే మానేసే మనిషిని ముందే అలా చూడబుద్ధి కాలేదు.

మగ్గం గుంట పక్కన రెండు ఇటుకలు పేర్చి, మడిచిన తువ్వాలు వేసి, దాని మీద కెమెరా పెట్టాను. కిటికీ వెలుగు ఒక్కటే. నా వేలు తగిలి కదలకుండా రెండు సెకన్ల టైమర్. 1/60కి చెయ్యి గడ్డకట్టింది. 1/2కి మొహం కూడా కరిగిపోయింది. 1/8 దగ్గర కుదిరింది. మొహం, మగ్గం గుంజలు నిలిచాయి, తాడు లాగే చెయ్యి పొగలా అయింది. నాడె ఒక తెల్లటి గీత.

చూపిస్తే నాన్న అడిగాడు, "ఇందులో నా చెయ్యేదమ్మా?"

కండెలు చుడుతున్న అమ్మ తలెత్తకుండానే అంది, "మగ్గం మీద ఉన్నప్పుడు మీ చెయ్యి ఎవరికి కనపడిందిలెండి!"

నాన్న నవ్వాడు. పెద్ద సైజులో ప్రింట్ తీయించమన్నాడు.

ఇప్పుడా గుంట పూడ్చి సిమెంటు చేశారు. ఫొటో పైన గోడకి ఉంది.

మీ ఇంట్లోనూ చేతులు ఆగని మనుషులు ఉండే ఉంటారు. దోసెలు పోసేవాళ్లు, మిషన్ కుట్టేవాళ్లు, పూలు కట్టేవాళ్లు. ఫోన్‌లో ప్రో మోడ్ ఉంటే చాలు. దేనికైనా ఆనించి పెట్టి 1/8 నుంచి మొదలుపెట్టండి. "ఒక్క నిమిషం ఆగి ఇటు చూడు" అని మాత్రం అనకండి.