గువ్వలచెరువు ఘాట్‌లో ఆగిన మధ్యాహ్నం

కడప నుండి రాయచోటికి వెళ్లే జాతీయ రహదారి పాలకొండల వరుసను గువ్వలచెరువు ఘాట్ వద్ద దాటుతుంది. మలుపు వెంట మలుపుగా బాట పైకి సాగుతుంది. సరుకు లారీలు ఒకదాని వెనుక ఒకటి మూలుగుతూ ఎక్కుతుంటాయి. చడాపు ముగిసిన తర్వాత గువ్వలచెరువు గ్రామం, బాట పక్కన పాలకోవా దుకాణాలు కనిపిస్తాయి. మా ఇంట చిన్నప్పటి నుండి రాయచోటి ప్రయాణమంటే ఆ కోవా పొట్లమే ముందు గుర్తుకు వస్తుంది.

గత మే నెలలో మా ఖాలా కుమార్తె నికాహ్‌కు ఆ దారినే బయలుదేరాము. నికాహ్ జుహర్ నమాజు తర్వాత. అలంకరణలు, సామాను సర్దుళ్లు ముగిసి ఇల్లు కదిలేసరికి పదకొండు దాటింది. మేమిద్దరం, కారు నడుపుతున్న మా అబ్బాయి, ఏడేళ్ల పాప, 80 ఏళ్లు దాటిన మా నానీ. మనుమరాలి నికాహ్‌ను కన్నులారా చూడాలన్న కోరికతో నానీ ఆ ఎండలో ప్రయాణానికి సిద్ధపడ్డారు.

ఘాట్ మొదలైన కొద్దిసేపటికే ఒక లారీ వెనుక చిక్కుకున్నాము. ఏసీ నిండుగా పనిచేస్తున్నది. కారు రెండవ గేరులో నెమ్మదిగా ఎక్కుతున్నది. అప్పుడు నానీ, “ఏదో తియ్యటి వాసన వస్తున్నది” అన్నారు. కోవా ఊరు దగ్గరపడిందని మేము నవ్వాము. నవ్వుతూనే అబ్బాయి ముందున్న ఉష్ణోగ్రత ముల్లును చూశాము. అది సగం దాటి పైకి జరిగి ఉన్నది. “ఇంకా నాలుగు మలుపులే, పైకి చేరాక ఆపుదాం” అన్నది మేమే. ఆ మాట అన్నందుకు నేటికీ సిగ్గుపడుతున్నాము. రెండు మలుపులు తిరగకముందే ముల్లు ఎర్రగీతను తాకింది, బానెట్ అంచుల నుండి తెల్లని ఆవిరి పొంగింది.

ఆ తియ్యటి వాసన కోవాది కాదు. ఇంజిను నుండి కారి, వేడి ఇనుము మీద పడి కాలుతున్న కూలెంట్‌ది.

బాట కొంచెం వెడల్పుగా ఉన్నచోట, కొండ వైపున కారు ఆపించి ఇంజిను కట్టివేయించాము. హెచ్చరిక దీపాలు వెలిగించి, చేతి బ్రేకు లాగి, వెనుక చక్రాలకు రాళ్లు పెట్టాము. నానీని, పాపను దించి, బాటకు దూరంగా ఒక చెట్టు నీడన కూర్చోబెట్టాము. ఇంతవరకు సరిగానే చేశాము. అసలు ప్రమాదం ఆ తర్వాతే రాబోయింది. ఆవిరి కాస్త తగ్గగానే అబ్బాయి బానెట్ ఎత్తి, చేతిరుమాలు చుట్టుకుని రేడియేటర్ మూత మీద చేయి వేశాడు. మా చేతిలో తాగే నీళ్ల సీసా ఉన్నది. చల్లటి నీళ్లు పోస్తే ఇంజిను త్వరగా చల్లబడుతుందని, నికాహ్‌కు అందుకోగలమని మా ఆశ.

“అబ్బీ, ఆ మూత ముట్టుకోవాకు!”

కొంచెం పైన ఆపి ఉన్న లారీ నుండి దిగి, డ్రైవరు పరుగున వచ్చాడు. నడివయసు దాటిన మనిషి. తన ముంజేతి మీదున్న పాత కాలిన మచ్చను అబ్బాయికి చూపాడు. ఆ మచ్చ మాకు అన్నీ చెప్పింది.

రేడియేటర్ మూత వట్టి మూత కాదు. లోపలి ద్రవాన్ని ఒత్తిడిలో బిగించి ఉంచేది అదే. ఆ ఒత్తిడి వల్లనే నీరు 100 డిగ్రీలు దాటినా మరగకుండా నిలుస్తుంది. మూత తీసిన క్షణంలో ఒత్తిడి పోతుంది, నీరు ఒక్కసారిగా మరిగి ఆవిరితో కలిసి ముఖం మీదికి చిమ్ముతుంది. ఇక మండుతున్న ఇనుము మీద చన్నీళ్లు పోయడమంటే, కాగిన గాజుగ్లాసులో మంచునీళ్లు పోయడమే. ఇంజిను తల బీటలు వారవచ్చు.

“తాగే నీళ్లు పెద్దామెకు ఇయ్యండి. బండి నీళ్లు నా దగ్గర వేరే ఉండాయి” అన్నాడతను. నికాహ్ తొందరలో, ఉన్న ఒక్క సీసాను ఇంజినుకు పోయబోయిన మాకు ఆ మాట బాగా తగిలింది. చెట్టు కింద నానీ పెదవులు తడారిపోయి ఉన్నాయి.

ముప్పావు గంట వేచి ఉన్నాము. ఆ సమయంలో అతను చెప్పిన సంగతులు గృహస్థులందరికీ పనికివచ్చేవి. ముల్లు సగం దాటినప్పుడే ఏసీ ఆపివేయాలి. ఏసీ వేడిని వదిలే జాలీ రేడియేటర్ ముందే ఉంటుంది కనుక రెండు వేడులు కలుస్తాయి. కిటికీలు దించి, హీటరు నిండుగా పెట్టాలి. ఎండలో అది శిక్షగా తోచినా, ఇంజిను వేడిలో కొంత కారులోకి వచ్చి బయటికి పోతుంది. అప్పటికీ ముల్లు దిగకపోతే చోటు చూసి ఆగాలి. ఎర్రగీతను తాకినా, ఆవిరి కనిపించినా ఇంజిను కట్టివేయడం తప్ప మార్గం లేదు. అలాగే నడిపితే ఇంజిను తల వంగుతుంది, గాస్కెట్ కాలుతుంది. కొన్ని నిమిషాల తొందరకు వేల రూపాయల మూల్యం చెల్లించాలి.

పైనున్న లావు రబ్బరు పైపు చేతికి ఓర్చుకోగలిగినంత చల్లబడ్డాక, అతను మందపాటి గుడ్డ మడిచి మూతపై వేసి, ముఖం పక్కకు తిప్పుకుని, కొంచెమే తిప్పి ఆగాడు. మిగిలిన ఒత్తిడి బుసకొట్టి పోయింది. అప్పుడే మూత పూర్తిగా తీశాడు. పైపు క్లిప్పు దగ్గర పగిలి ఉన్నది. పగిలిన అంగుళం ముక్క కోసి, మిగిలిన పైపును మళ్లీ బిగించి, తన డబ్బా నుండి నీళ్లు నెమ్మదిగా పోశాడు. “ఇది రాయచోటి దాకనే. అక్కడ కొత్త పైపు వేయించి, కూలెంట్ పోయించండి” అని హెచ్చరించాడు.

ఆ పైపు బిరుసెక్కిందని నెల క్రితమే మెకానిక్ మాతో చెప్పాడు. పెళ్లి ఖర్చులు తీరాక చూద్దామని మేమే వాయిదా వేశాము. ఈ సంగతి ఆనాడు నానీకి చెప్పలేకపోయాము.

డబ్బు ఇవ్వబోతే అతను తీసుకోలేదు. నానీ అతని తలపై చేయి ఉంచి దుఆ చేశారు. మేము కారెక్కబోతుండగా అతను మళ్లీ పిలిచాడు. “ఆ రాళ్లు తీసి పక్కన పడేయండి. రాత్రి మోటారు సైకిలు మీద వచ్చేవాడికి అవి కనపడవు.” మేము మరచే పోయాము. మా కారును కాపాడిన రాళ్లే ఇంకొకరి ప్రాణం తీసి ఉండేవి. అబ్బాయి, పాప కలిసి వాటిని కొండ వాలుకు చేర్చారు.

ఏసీ లేకుండా, హీటరు వేడిలో చెమటలు కారుతూ మెల్లగా పైకి చేరాము. కోవా కోసం ఆగలేదు. రాయచోటి చేరేసరికి నికాహ్ ముగిసింది. నానీ మౌనంగా పెళ్లికూతురి పక్కన కూర్చుని ఆమె చేయి పట్టుకున్నారు. చాలాసేపు వదలలేదు.

ఇప్పుడు ఏ ప్రయాణానికైనా ముందు, ఉదయం ఇంజిను చల్లగా ఉన్నప్పుడు, మా అబ్బాయి బానెట్ ఎత్తి కూలెంట్ డబ్బా మీది రెండు గీతల మధ్య మట్టం చూస్తాడు. పైపులు నొక్కి చూస్తాడు. కారు కింద నేల తడిగా ఉందేమో వంగి చూస్తాడు. వెనుక అయిదు లీటర్ల నీళ్ల డబ్బాలు రెండు పెడతాడు. ఒకదాని మీద పాప తన చేతితో “బండికి” అని రాసింది, రెండవదాని మీద “మనకు” అని రాసింది.