నాలుగు నెలలు ఆగిన మాట

మా ఇద్దరిదీ తణుకు దగ్గర చిన్న ఆఫీసు. ఒకరు ఇళ్లకు ప్లాన్లు గీస్తే మరొకరు ఎస్టిమేట్లు వేసి లెక్కలు చూస్తారు. ఇరవై ఏళ్లుగా ఇదే మా జీవనాధారం. మేము గీసిన ఇళ్లలో కొన్నింటి గృహప్రతిష్ఠ కూడికలకు కూడా వెళ్లి భోంచేసి వచ్చాం.

2018 వేసవిలో మా సంఘంవారి ఇంటికి సెంట్రింగు విప్పుతుండగా ముందు బాల్కనీ కొసన వంగి, గోడ అంచు వెంట పైన పగులు తీసింది. దేవుని దయవలన కింద ఎవరూ లేరు. మేస్త్రీ కబురు పెడితే పరుగున వెళ్లి సరుగుడు కర్రలు మళ్లీ నిలబెట్టించాం. బాల్కనీ అంటే గోడలోంచి బయటికి చాచిన చెయ్యిలాంటిది. బరువుకు దాని పైభాగం సాగుతుంది గనుక అసలు ఇనుము పైన ఉండాలి. గది మీది శ్లాబుకు మధ్యలోనైతే కింద ఉండాలి. మా డ్రాయింగులో బాల్కనీకి కూడా కిందే చూపించాం. మేస్త్రీ గీసినట్టే కట్టాడు.

అప్పటికి రెండేళ్ల క్రితం మేము ఒక పాలసీ తీసుకున్నాం. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ అంటారు. మన సలహాలోనో డ్రాయింగులోనో పొరపాటు జరిగి ఇతరులు నష్టపోతే, చట్టప్రకారం మనం ఇవ్వవలసిన పరిహారాన్ని కంపెనీ భరిస్తుంది. ఇళ్ల నిర్మాణం వినియోగదారుల చట్టం కిందికి వచ్చే సేవేనని 1993లో, ఫీజు తీసుకుని చేసే వైద్యమూ అంతేనని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. కూలీకి దెబ్బ తగిలితే మాత్రం ఇది పనికిరాదు, దానికి పాలసీ వేరు. తెలిసి చేసిన మోసానికి ఏదీ రాదు. ఇంకొక మెలిక ఉంది. నష్టపోయినవారు అడిగిన నాటికి పాలసీ అమలులో ఉండాలి. పని మానేశాం కదా అని రెన్యువల్ ఆపితే పాత ఇళ్లకు రక్షణ పోతుంది.

ఆ రాత్రి పాలసీ కాగితం తీసి చదివాం. కంపెనీ రాతపూర్వకంగా సమ్మతించకుండా తప్పు ఒప్పుకోకూడదట, డబ్బిస్తామని మాట ఇవ్వకూడదట! కొత్త ఇంటి కప్పుకు పిట్టగోడ లేక ఎవరైనా పడితే ఆ దోషం ఎవరి మీద ఉంటుందో ద్వితీయోపదేశకాండములో చదువుకున్నవాళ్లమే. మాలో ఒకరు, "తెల్లవారగానే వెళ్లి కాళ్లు పట్టుకుందాం" అన్నారు. రెండవవారు, "ఆ మాట పట్టుకుని కంపెనీ ఇవ్వనంటే? రెండు లక్షలు ఎక్కడ తెస్తాం? మనం ఇవ్వలేకపోతే నష్టపోయేది వాళ్లే కదా" అన్నారు. ఇద్దరిదీ న్యాయమే. నిద్ర పట్టలేదు.

పొద్దున్నే ఏజెంటు తమ్ముడికి ఫోను చేశాం. "అక్కా, జరిగింది జరిగినట్టు చెప్పండి, అబద్ధమాడమని ఎవరూ అనరు. తప్పెవరిది, ఎంత ఇస్తారు అన్నవి మాత్రం కంపెనీకి రాసి, జవాబు వచ్చాకే" అన్నాడు.

వెళ్లాం. డ్రాయింగు పరిచి, ఇనుము కింద ఉందని వేలు పెట్టి చూపించాం. కర్రలు తీయనివ్వవద్దని, కింద పిల్లల్ని తిరగనివ్వవద్దని, కంపెనీకి ఈ రోజే రాస్తున్నామని చెప్పాం. ఇంటావిడ అంతా విని, "అయితే పొరపాటు మీదేనా వదినా?" అంది. మేము తల దించుకున్నాం. మాకు ఆ నిమిషం పగిలిన బాల్కనీ కంటే బరువైంది.

తరువాత నాలుగు నెలలు! సర్వేయరు వచ్చి ఫోటోలు తీసుకున్నాడు. కాగితాల మీద కాగితాలు అడిగారు. ఆదివారాలు మేము వెనక వరుసలో కూర్చుని, ముగింపు ప్రార్థన కాగానే ఇంటికి వచ్చేసేవాళ్లం. చివరికి సమ్మతి ఉత్తరం వచ్చింది. బాల్కనీ పగలగొట్టి మళ్లీ కట్టడానికి అయ్యే ఖర్చులో, పాలసీ ప్రకారం మొదట మా చేతి నుండి పడవలసిన భాగం మేము కట్టాం. మిగిలినది కంపెనీ ఇచ్చింది.

ఉత్తరం వచ్చిన సాయంత్రమే ఆ ఇంటికి వెళ్లి, "తప్పు మాదే, క్షమించండి" అన్నాం.

ఇంటావిడ పొయ్యి మీద టీ పెడుతూ, "అది మాకు ఆ రోజే తెలుసు వదినా. మీరెప్పుడంటారా అని చూస్తున్నాం" అంది.