ఇల్లు మోసుకుని చేపలవేటకి

మాది పూరీ పెంటకోట. ఒడియావాళ్లు మమ్మల్ని నోలియాలంటారు. ఇంట్లో మాట మాత్రం తెలుగే. ఇప్పుడు మాలో ఒక ఇల్లు అమెరికాలో, మిన్నెసోటాలో ఉంది. అక్కడ చలికాలం సరస్సులు గడ్డకడతాయి. జనం ఆ గడ్డకి చిల్లు పొడిచి చేపలు పడతారు, గాలికి అడ్డంగా మడత గుడారం వేసుకుంటారు. ఆ గుడారాన్ని కారు వెనక ఎలా కట్టుకెళ్తున్నామో ఈసారి రాస్తున్నాం. మన పిల్లలున్న ఇళ్లు అటు చాలానే ఉన్నాయి, వాళ్లకి పనికొస్తుంది.

గుడారం అంటే అడుగున చక్రాల్లేని ప్లాస్టిక్ తొట్టి. స్లెడ్ అంటారు. గొట్టాలు, గుడ్డ దాని మీదే మడతపడి ఉంటాయి. మంచు మీదికి లాక్కెళ్లి వెనకనుంచి ముందుకి తిరగేస్తే గది తయారు. ఇద్దరు కూర్చునే మా గుడారం 45 కిలోలు. కారు లోపల పట్టదు. పైకప్పు మీదికి ఎత్తితే నడుములు పోతాయి. ట్రైలర్ కొంటే అపార్టుమెంటులో పెట్టుకునే చోటు లేదు. ఇక మిగిలింది హిచ్ క్యారియర్. కారు వెనక బంపరు కింద చదరపు గొట్టం ఉంటుంది, అందులో దూర్చే ఇనప తట్ట అది.

వీడియోలో చూపిస్తే పెదనాన్న నవ్వాడు. "ఇదేటిరా, చేపలేటకి ఇల్లు మోసుకెళ్తన్నారా?"

అమ్మ నవ్వలేదు. మా తాత ఒకరోజు వేటకెళ్లి ఒడ్డుకు రాలేదు. ఆ తర్వాతే నాన్న అన్నదమ్ములిద్దర్నీ బడికి తోసాడు. వల పట్టిన చివరి మనిషి పెదనాన్నే. "నీళ్ల మీద కారేటిరా బాబూ?" అని అమ్మ ఫోను పక్కన పెట్టేసింది.

నీళ్ల మాట తర్వాత, ముందు బరువు. మా కారు పుస్తకంలో హిచ్ మీద నిలువుగా పడే బరువు 200 పౌండ్లు దాటకూడదని ఉంది. అంటే 90 కిలోలు. తట్ట 20, గుడారం 45, రెండూ కలిపి 65. మిగిలిన 25 కిలోల్లో అన్నీ సర్దేద్దామనిపిస్తుంది, అక్కడే వస్తుంది తంటా. బరువు ఎంతన్నదే కాదు, కారుకి ఎంత దూరంలో వేలాడుతోందన్నదీ చూడాలి. కావడి మోసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. గుంతలో పడ్డప్పుడు వెనక భాగం కుంగి ముందు చక్రాలు తేలికైపోతాయి, మంచు రోడ్డు మీద అది ప్రమాదం. అందుకే చిల్లు పొడిచే బరమా, హీటరు కారు లోపలే పెడతాం. గుడారాన్ని తట్ట మీద అడ్డంగా, బంపరుకి వీలైనంత దగ్గరగా దింపుతాం.

కట్టు దగ్గర పెదనాన్న మాటే మాకు వేదం. తెప్ప అంటే దుంగల్ని తాళ్లతో బిగించి కట్టినదే కదా. వేట నుంచి రాగానే విప్పి, దుంగల్ని భుజాన ఎత్తుకుని ఇసకలోకి తెచ్చి ఆరబెట్టేవారు, మళ్లీ వేటకి మళ్లీ కట్టడం. కొక్కేలున్న సాగే తాళ్లు చూపిస్తే, "సాగే తాడు తాడేటిరా? తీసీ" అన్నాడు. బిగింపు మర ఉన్న రాచెట్ పట్టీలు నాలుగు వేశాం. పట్టీకి ఒక మెలిక తిప్పి వేస్తే గాలికి హోరు పెట్టదు, ఇది మేం అక్కడే నేర్చుకున్నాం. అంతా అయ్యాక పెదనాన్న అన్నాడు: "ఇల్లుని ఊపకు, కారుని ఊపు. రెండూ కలిసి ఊగితే కట్టున్నట్టు."

ఊపితే తట్టే గొట్టంలో లటలట లాడింది. దానికి విడిగా బిగింపు బోల్టు దొరుకుతుంది, కొనండి. వెనక దీపాలు, నంబరు పలక మూసుకుపోతే పోలీసులు ఆపుతారు. సైలెన్సరు వేడి స్లెడ్‌కి తగులుతోందేమో వంగి చూసుకోవాలి, ప్లాస్టిక్ మెత్తబడుతుంది. బయల్దేరిన పది మైళ్లకి ఆగి పట్టీలు మళ్లీ బిగిస్తాం. సరుకు కుదురుకున్నాక పట్టీ వదులవుతుంది.

మిల్ లాక్స్ సరస్సు జంట నగరాలకి ఉత్తరాన సుమారు 100 మైళ్లు. అక్కడ చాలామంది కార్లు మంచు మీదికే తోలుకుపోతారు. ఆ రాష్ట్ర సహజ వనరుల శాఖ లెక్కలో మనిషి నడవడానికి 4 అంగుళాల గట్టి మంచుండాలి, చిన్న కారుకి 9 నుంచి 10 ఉండాలి. అదీ కొత్తగా కట్టిన నిగనిగలాడే గడ్డకి. తెల్లటి గడ్డయితే రెట్టింపు కావాలి. మేం పొడిచిన మొదటి చిల్లులో 11 అంగుళాలు తేలింది, కారు పోవచ్చు. కానీ గడ్డ ఒకచోట ఉన్నట్టు ఇంకోచోట ఉండదు. పెదనాన్న షరతు ఒకటే: "బండి ఒడ్డునే ఉండాల." అందుకే తట్ట మీంచి దింపి, స్లెడ్ తాడు నడుముకి కట్టుకుని లాక్కెళ్లాం. ఇద్దరం వంతులేసుకున్నా చెమట పట్టింది, బయట సున్నాకి 15 డిగ్రీలు కింద.

చలికాలంలో ఒక్కొక్కరికి రెండు గాలాలు వేసే అనుమతి ఉంది. పెర్చ్ చేపలు ఏడు పడ్డాయి. హీటరు వేసినంతసేపూ గాలి గవాక్షం తెరిచే ఉంచండి, గ్యాసు పొగకి వాసనుండదు. చేపలు చూసి పెదనాన్న అడిగిన మొదటి మాట, "కిలో ఎంతకి పోతాది?" అమ్మకుండా తినేస్తామంటే నమ్మలేదు. అమ్మ మాత్రం ఫోను తీసుకుని కారు ఎక్కడ పెట్టారని అడిగింది.

చివరగా ఒక పని. అక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దారంతా తట్ట మీద పడుతుంది. ఇంటికి రాగానే తట్టని గొట్టంలోంచి లాగేసి కడగండి. చలికాలమంతా వదిలేస్తే తుప్పు పట్టి సుత్తి పెట్టి కొట్టినా ఊడదు.